నూట పదిహేడో నంబరు

పోయిన వారం కిషన్‌ను మా షాపు మెట్ల మీద నిలబెట్టి వెళ్లిపోయాను. పాపం, ఏడు రోజులుగా ఎండలోనే ఉన్నాడు. లోపలికి పిలుస్తాను. అయితే మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్లు కొందరు ఉంటారు కాబట్టి, అంతవరకూ జరిగింది నాలుగు మాటల్లో చెప్పాలి. నా గొప్ప చెప్పుకునే కథయితే సాగదీసేదాన్నే, ఇది నా తప్పు చెప్పుకునే కథ.

నా పేరు రెజీనా. గోదావరిఖని లక్ష్మీనగర్‌లో వెబ్‌సైట్లు తయారు చేసే చిన్న షాపు నడుపుతాను. బాయిలో, అంటే బొగ్గు గనిలో, పనిచేసేవాళ్లు పేరు చెప్పకుండా తమ కష్టం రాసుకోవడానికి ‘బాయి మాట’ అని ఒక సైటు పెట్టాను. దాని నెత్తి మీద నా చేత్తోనే రాశాను: ‘ఇక్కడ కుకీలు లేవు. మీరెవరో మాకు తెలియదు.’ నెల కిందట దానికి ఒక ఉత్తరం వచ్చింది. బాయి లోపల పైకప్పుకు ఆధారంగా నిలబెట్టాల్సిన మొద్దులు కాంట్రాక్టరు సగమే నిలబెట్టిస్తున్నాడని, మిగతా సగం మనిషి చచ్చాక నిలబెట్టిస్తాడా అని అందులో అడిగారు. తనిఖీ వచ్చింది. పని మూడు రోజులు ఆగింది. నాలుగో రోజు నుంచి ఆ ఉత్తరం రాసినవాడి కోసం వెతుకులాట మొదలై, నిన్న కిషన్ దగ్గర ఆగింది. ఇవాళ సాయంత్రం నాలుగు గంటలకు కాంట్రాక్టరు మేనేజరు ముందు నిలబడి, రాసింది తాను కాదని రుజువు చూపించకపోతే అతని గేటు పాసు రద్దవుతుంది. ఒకచోట పాసు పోయినవాణ్ని ఇక్కడ ఇంకో కాంట్రాక్టరు గుమ్మం తొక్కనివ్వడు.

ఇక కిషన్ లోపలికి వచ్చాడు. గోడ మీది గడియారంలో రెండూ ఇరవై.

కూర్చోమంటే కూర్చోలేదు. నీళ్ల బాటిల్ ఇస్తే పట్టుకున్నాడు గానీ మూత తియ్యలేదు. ముప్పై ఏళ్లుంటాయి. మా కాలనీలో నోట్లో నాలుక లేనివాడని పేరు. ఎవరితోనూ పేచీకి పోడు, డ్యూటీ, ఇల్లు, బిడ్డ సహస్ర, అంతే. ఆ పిల్లకు గుండెలో ఏదో లోపం, నెలనెలా కరీంనగర్ దవాఖానకు తీసుకుపోవాలి. ఆ వైద్యం నడిచేది కూడా గేటు పాసుతో వచ్చిన కార్డు మీదనే. అలాంటి మనిషి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి నా కీబోర్డు మీద పెట్టాడు.

విప్పకముందే నాకు తెలిసిపోయింది. నా ప్రింటరుకు ఎడమ అంచున నల్లటి గీత పడే జబ్బుంది, ఆ గీత ఆ కాగితం మీద ఉంది. తేదీ, గంట, నిమిషం, పక్కన ఒక నంబరు. నూట పదిహేడు అని ఉన్న వరసలన్నిటి కింద ఎవరో ఎర్ర పెన్నుతో గీశారు. మొత్తం పద్నాలుగు గీతలు.

“నిన్న మేనేజరు గిది నా ముంగట వెట్టిండు,” అన్నాడు కిషన్. “మీరెవరో మాకు తెల్వదని నువ్వే గద రాసినవ్ అక్కా. మల్ల గిదేంది?”

అప్పుడు నేనేం చేశానో చెబితే మీరు నా మీద ఉమ్మేస్తారు. అందులో ఎవరి పేరూ లేదు చూడు, ఒట్టి నంబర్లే కదా అన్నాను. డిగ్రీ చదివిన గొంతుతో, మెల్లగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను. కుకీ అంటే సైటు మన ఫోనులో దాచిపెట్టే చిన్న గుర్తు, అది నేను పెట్టలేదు, కాబట్టి నేను అబద్ధం రాయలేదు అన్నాను. అతను వింటూ నిలబడ్డాడు. విని, ఆ గుర్తు పెట్టకుండానే ఈ నంబరు నాదని వాళ్లకెట్లా తెలిసింది అని అడిగాడు. దానికి నా దగ్గర డిగ్రీ గొంతు లేదు.

నిజం చెప్పాల్సి వచ్చింది. ఎవరైనా సైటు తెరిస్తే వాళ్ల ఫోను కొన్ని సంగతులు తనంతట తానే చెప్పుకుంటుంది. ఏ రకం ఫోను, తెర ఎంత, ఏ నెట్టు మీద వచ్చింది. ఈ ముక్కలన్నీ ఒక రహస్య పదంతో కలిపి నూరితే ఒక నంబరు వస్తుంది. ఆ నంబరు మళ్లీ కనబడితే, వచ్చింది అదే మనిషి అనుకోవచ్చు. పద్ధతిగా చేసేవాళ్లు ఆ రహస్య పదాన్ని రోజూ మార్చేస్తారు. మారిస్తే నిన్నటి నంబరు నిన్నటితోనే పోతుంది, మనిషి వెంట పడే దారి ఉండదు. నేను మార్చలేదు. సైటుకు ప్రకటనలు తెచ్చే సంపత్, వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వస్తున్నారని షాపులవాళ్లకు చూపించాలి, ఆ లెక్క కావాలి అన్నాడు. సరే అన్నాను, ఆ లెక్క చూసుకునే పాస్‌వర్డు కూడా ఇచ్చాను. నెలాఖరుకు షీటు అడిగితే అచ్చు తీసి ఇచ్చాను. ఎవరెవరు ఎప్పుడొచ్చారో, ఉత్తరం ఏ నంబరు నుంచి వచ్చిందో, అన్నీ అందులో ఉన్నాయి. సంపత్ బండి కాంట్రాక్టరు ఆఫీసులో కిరాయికి తిరుగుతుందని నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను అనలేను, తెలియక ఇచ్చాను అంటే అబద్ధం. ఆలోచించకుండా ఇచ్చాను. దానికి ఇంకే మంచి పేరూ లేదు.

ఇదంతా చెబితే కిషన్ కోపం తెచ్చుకుంటాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. మొన్న ఆదివారం సంపత్ తమ ఇంటికి వచ్చి చాయ తాగి, తన ఫోనులో చార్జింగు లేదని కిషన్ ఫోను అడిగి తీసుకుని, వాకిట్లోకి వెళ్లి ఏదో చూసుకుని ఇచ్చాడని చెప్పాడు. నేను కంప్యూటరులో వెతికాను. ఆదివారం పొద్దున పదీ యాభై, నూట పదిహేడు. ఆ దొంగముండాకొడుకు కిషన్ ఫోనులో నా సైటు తెరిచి, ఏ నంబరు పడుతుందో చూసుకుని మరీ పోయాడు. మేనేజరుకు అంతకన్నా రుజువేం కావాలి.

ఇంకో రుజువు కూడా చూపించారట. ఆ పనిలో, అంటే మొద్దులు నిలబెట్టే పనిలో, షిఫ్టుకు ఒకడి చొప్పున ముగ్గురే ఉన్నారు. కిషన్, అతని బావ లింగమూర్తి, ముత్యం. ఉత్తరంలో ఉన్న సంగతులు ఆ ముగ్గురికే తెలుస్తాయి. ముత్యం దగ్గర ఉన్నది బటన్ల ఫోను, అందులో సైటు తెరుచుకోదు. పద్నాలుగు సార్లూ లింగమూర్తి బాయి లోపల డ్యూటీలో ఉన్నాడని మస్టరు, అంటే హాజరు పుస్తకం, చెబుతోంది. పద్నాలుగు సార్లూ కిషన్ డ్యూటీలో లేడు. మిగిలింది ఎవరు? ఈ లెక్క నేను చేసి ఉన్నా అదే జవాబు వచ్చేది. అది తలుచుకుంటేనే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

కిషన్ కాగితం మీద ఒక గీత దగ్గర వేలు పెట్టాడు. బుధవారం, సాయంత్రం ఐదూ పది. ఆ రోజు అతనికి రాత్రి షిఫ్టు, మధ్యాహ్నం బిడ్డను తీసుకుని కరీంనగర్ పోయాడు. ఐదు గంటలకు దవాఖానలో వరసలో కూర్చుని ఉన్నాడు. చీటీ ఉంది, టైము ఉంది. ఫోను అతని జేబులోనే ఉంది.

నేను లేచి నిలబడ్డాను. నా నంబరు తయారయ్యే ముక్కల్లో నెట్టు ఒకటి, ఆదివారం నూట పదిహేడు పడింది కిషన్ ఇంటి వైఫై నెట్టు మీద. కరీంనగర్ దవాఖానలో కూర్చున్న ఫోనుకు ఇంటి నెట్టు అందదు, అందకపోతే నూట పదిహేడు పడదు. అంటే ఆ సాయంత్రం అతని ఇంటి నెట్టు మీద, అచ్చం అతని ఫోను లాంటి ఫోనుతో వచ్చింది ఇంకెవరో. మీ ఇంట్లో అలాంటిది రెండోది ఉందా అని అడిగాను. లేదన్నాడు. అతని భార్య సంతోషికి ఫోనే లేదు. అయితే ఆ నెట్టు అసలు మీదేనా అంటే, కాదు, అక్కవాళ్లది, గోడకు అవతల వాళ్లు, ఇవతల మేము, వైరు వాళ్లింటికే వచ్చింది, మేమూ అదే వాడుకుంటాం అన్నాడు. అంటూ అంటూ మెల్లగా ఆగిపోయాడు. దసరాకు బావాబావమరుదులిద్దరూ కలిసి పోయి ఒకే షాపులో ఒకేలాంటివి రెండు ఫోన్లు కొన్నారని నాకు కూడా తెలుసు. వాళ్ల అక్క కనకవ్వ ఆ సంబరంలో మా ఇంటికి మిఠాయి పంపింది.

చూశారా నా తెలివి. ఒకే రకం ఫోన్లు రెండు, ఒకే నెట్టు మీద వస్తే నా లెక్కకు అది ఒకే మనిషి. కుకీ పెట్టి ఉంటే ఈ ఫోనులో ఒక గుర్తు, ఆ ఫోనులో ఇంకో గుర్తు పడేవి, రెండూ వేరని తెలిసేది. జనానికి మంచి చేస్తున్నానని దాన్ని తీసేసి, దానికంటే గుడ్డిదాన్ని తెచ్చి పెట్టాను. ఆ గుడ్డిది కిషన్ మెడ పట్టుకుంది.

“టైములు సదువు అక్కా,” అన్నాడు. “అన్ని సదువు.”

చదివాను. మొదటి వారం అన్నీ పొద్దున తొమ్మిదికీ పదకొండుకూ మధ్య. రెండో వారం సాయంత్రం ఐదు, ఆరు. మూడో వారం రాత్రి పదకొండున్నర దాటాక. నేను చదువుతుంటే అతను పక్కన మెల్లగా ఫస్టు షిఫ్టు, సెకండు షిఫ్టు, నైటు షిఫ్టు అని అంటూ వచ్చాడు. అవన్నీ లింగమూర్తి డ్యూటీ టైములు. నిమిషం కూడా తప్పలేదు.

నేను మూర్ఖంగా, మరి ఆ టైముల్లో ఆయన బాయి లోపల ఉన్నాడు కదా అన్నాను.

కిషన్ నా వైపు జాలిగా చూశాడు.

“ఫోను బాయిలకు పోతదా అక్కా?” అన్నాడు.

పోదు. నిప్పు పుట్టించేది ఏదీ లోపలికి పోదు. బీడీ పోదు, అగ్గిపెట్టె పోదు, ఫోను పోదు. మా నాన్న స్తెఫను ల్యాంపు రూములో ముప్పై ఏళ్లు పనిచేశాడు. దిగేవాళ్లకు నెత్తి లైట్లు ఇచ్చి, పక్కన నిలబడి జేబులు తడిమి పంపే చోటది. ఆయన కూతురిని నేను. ఆ జీతం తిని పెరిగి, చదువుకుని, మనిషి ఎక్కడుంటే ఫోను అక్కడే ఉంటుందని ఏదో పెద్ద నగరంలో ఏసీ గదిలో కూర్చున్నవాడిలా అనుకున్నాను. మస్టరు ముందు పెట్టుకున్న మేనేజరూ అదే అనుకున్నాడు. ఇక్కడ మగవాడు డ్యూటీకి పోతే ఫోను ఇంట్లో ఉంటుంది. ఎనిమిది గంటలు అది ఆడదాని చేతిలో ఉంటుంది. లింగమూర్తి ఇంటికొచ్చి చెప్పుకున్న భయం, ఆయన మళ్లీ దిగిపోయాక కనకవ్వ రాసింది. అచ్చయిందా లేదా అని, జనం ఏమంటున్నారని, ఆయన బాయిలో ఉన్నంతసేపూ తీసి తీసి చూసుకుంది. ఆయన ఇంట్లో ఉన్నప్పుడు ముట్టుకోలేదు.

ఊరి పక్క ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు పడి షట్టరు గలగలమంది. మేమిద్దరం దాన్ని పట్టించుకోలేదు. కిషన్ అప్పుడు కూర్చున్నాడు. నీళ్ల బాటిల్ మూత తీసి సగం తాగేశాడు. వాళ్ల అమ్మ చిన్నప్పుడే పోతే అక్కే ఎత్తుకుని పెంచిందని, పెళ్లయి పోతూ కూడా తమ్ముణ్ని చంకన పెట్టుకునే పోయిందని, ఈ పని కూడా బావే పెట్టించాడని చెప్పాడు. నాకు కాదు, నేలకు చెప్పాడు. ఆపైన తల ఎత్తాడు.

“గీ గీతల పక్కన ఎవలెవలు ఏ షిఫ్టుల ఉన్నరో రాసియ్యి. ఫోను బాయిలకు పోదని గూడ రాయి. దవాఖాన చీటి నా దగ్గర ఉన్నది.”

ఇది రాసిస్తే రేపు లింగమూర్తి పాసు పోతుంది అన్నాను. వేరే దారి చూద్దాం, ఆ షీటే తప్పుల తడక అని రాసి సంతకం చేస్తాను అన్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం మాటలవి. మేనేజరు నమ్మడని ఇద్దరికీ తెలుసు. కిషన్ ఇంట్లో సంపత్ చేసిన పరీక్ష ముందు నా సంతకం ఎంత.

“నా పాసు పొయ్యేటప్పుడు నీ చెయ్యి మంచిగనే ఆడింది గద అక్కా,” అన్నాడు. “ఇప్పుడెందుకు ఆడుతలేదు?”

గొంతు పెంచలేదు. ఉన్నమాట అన్నాడు, అంతే. సిగ్గుతో చచ్చిపోతూ కూర్చుని రాశాను. పద్నాలుగు వరసలు. ప్రతి వరస పక్కన మూడు పేర్లు, ముగ్గురి డ్యూటీ. కింద ఫోను సంగతి. నెట్టు ఎవరి ఇంటిదో కూడా రాశాను, ఎవరూ అడగకుండానే. పని పూర్తిగా చెయ్యకపోతే నాకు తోచదు, అదే నా రోగం. అచ్చు తీసి ఇస్తే కళ్లతో ఒకసారి పై నుంచి కిందికి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. దీన్ని మేనేజరుకు ఇస్తావా అని అడిగాను. సహస్రకు వచ్చే నెల మళ్లీ దవాఖాన ఉందన్నాడు. ఆ మాటతోనే బయటికి నడిచాడు.

మెట్ల మీదికి వచ్చి చూస్తూ నిలబడ్డాను. చౌరస్తాలో ఎడమకు తిరిగితే ఇల్లు, కుడికి తిరిగితే కాంట్రాక్టరు ఆఫీసు. అతని బండి అక్కడ ఆగింది. వెనక ఆటోవాడు హారను కొడుతున్నా కదల్లేదు. నేను లోపల్లోపల ఎడమకు, ఎడమకు అని మొక్కుకుంటున్నాను. ఇంత చేసినదాన్ని, నాకు మొక్కే మొహం ఎక్కడిది? బండి కుడికి తిరిగింది. అప్పటికి మూడుకు పది నిమిషాలు తక్కువ, పిలిచింది నాలుగింటికి. ఇంత ముందుగా పోవాల్సిన పని అతనికి లేదు.

లింగమూర్తికి చెబుదామంటే ఆయన బాయి లోపల ఉన్నాడు. ఈ వారం ఫస్టు షిఫ్టు, పైకి ఎక్కి బయటపడేసరికి మూడున్నర దాటుతుంది. ఆయన నంబరుకే ఫోను చేశాను, ఎవరు ఎత్తుతారో తెలిసే చేశాను. ఒక్క రింగుకే ఎత్తింది కనకవ్వ. ఎలా మొదలుపెట్టాలా అని నేను నీళ్లు నములుతుంటే ఆమే అందుకుంది. నువ్వు చేస్తావని చూస్తున్నా రెజీనమ్మా, నేను పంపింది చూసినవా అంది.

పంపిందేమిటో చూడటానికి కంప్యూటరు ముందుకు పరిగెత్తాను. సైటుకు వచ్చే ఉత్తరం నేను చూసి సరే అంటేనే బయటికి కనబడుతుంది. రెండూ ముప్పై ఐదుకు, కిషన్ నా ఎదురుగా కూర్చుని ఉన్నప్పుడే, ఒకటి వచ్చి పడి ఉంది. నంబరు చూడక్కర్లేదు. మైకు నొక్కి మాట్లాడితే పడ్డ అక్షరాలు, చుక్కలూ కామాలూ ఏమీ లేవు. మొదటి ఉత్తరం రాసింది నేనే నా పేరు కనకవ్వ లింగమూర్తి భార్యను మా ఆయనకు ఈ సంగతి తెల్వది ఆయన ఇంట్ల భయపడుతుంటె సూడలేక రాసిన నా తమ్ముడు కిషన్‌కు దీంతోని ఏ సంబంధం లేదు వాని పని వానికి ఇయ్యండి. అంతే ఉంది.

నాలుగు గంటలకు ముందే జనానికి కనబడేటట్టు చెయ్యమంది. మూడున్నరకు ఆయన పైకి వస్తాడు, వస్తే వద్దంటాడు, ఆయన వద్దన్నాక నేను కాదనలేను, అందుకే ఇప్పుడే చెయ్యి అంది. పాసు పోతే ఆయన ఇల్లెట్లా నడుపుతాడు అని అడిగాను. పాసు పోతే పోయింది, ఆ కప్పు కింద పోతే మనిషే రాడు కదా అంది. ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ముందు తమ్ముడితో ఒక్క మాట అనుకుంటే బాగుండేది కదా కనకవ్వా అన్నాను. కిషన్ జేబులోని కాగితం సంగతి నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే ఆగిపోయింది.

ఆమె చిన్నగా నవ్వింది.

“వాన్ని అడుగుడెందుకు రెజీనమ్మా? అడిగితే వద్దంటడు. వానికి సమజైనా గూడ, సచ్చినా మా పేరు తియ్యడు వాడు. అందుకనే నేనే తీసిన.”

ఆ తర్వాత, పొద్దటి నుంచి వాడు ఇంట్లో లేడు, నీ దగ్గరికి గాని వచ్చాడా అని అడిగింది.